ఇంగ్లండ్‌లో కొత్త ఇళ్లకు జీవవైవిధ్య షరతు: కౌన్సిల్ కాదంటే అప్పీలు ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఈమధ్య ఇల్లు కొనుక్కోవడంతో ఆగడం లేదు. పెరట్లో ఇంకో ఇల్లు వేద్దామని ఒకరు, పాత ఇల్లు పడగొట్టి రెండు కడదామని ఇంకొకరు, నలుగురు కలిసి చిన్న స్థలం కొని ఆరేడు ఇళ్లు కట్టి అమ్ముదామని మరికొందరు. వీళ్లందరి కాలికీ ఒకచోట తగిలే రాయి జీవవైవిధ్య షరతు. కౌన్సిల్ కాదంది, అప్పీలు చేయాలా, ఎవరికి చేయాలి, గెలుస్తామా అని అడిగేవాళ్లకు పదేపదే చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇదంతా ఇంగ్లండ్‌కు మాత్రమే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో పద్ధతులు వేరు.

ఈ అప్పీళ్లలో చట్టం గురించిన తగాదాల కంటే స్థలంలో ఉన్న గడ్డిని ఏమని పిలవాలి, చెట్టు మొదలు ఎంత లావు, ఆ రోజు ఫొటోలు తీశారా లేదా అన్న తగాదాలే నాకు ఎక్కువగా కనబడ్డాయి. కింద అప్పీలు కంటే సర్వే గురించే ఎక్కువ రాసినట్టు అనిపిస్తే కారణం అదే.

అసలు ఈ షరతు ఏమిటి?

దీన్ని బయోడైవర్సిటీ నెట్ గెయిన్ అంటారు, పొట్టిగా బీఎన్‌జీ. కట్టడానికి ముందు ఆ స్థలంలో ఎంత ప్రకృతి విలువ ఉందో, కట్టిన తర్వాత దానికంటే కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. సొంత స్థలంలో చేయలేకపోతే బయట ఎక్కడైనా చేయించాలి. చేసినదాన్ని 30 ఏళ్లు కాపాడాలి.

2021 నాటి పర్యావరణ చట్టం దీన్ని తెచ్చింది. 1990 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టంలో 7ఏ అనే కొత్త షెడ్యూలు చేర్చింది. పెద్ద నిర్మాణాలకు 2024 ఫిబ్రవరి 12 నుంచి, చిన్న స్థలాలకు 2024 ఏప్రిల్ 2 నుంచి అమల్లో ఉంది. ఆ తేదీలకు ముందే దరఖాస్తు చేసి ఉంటే మీకు వర్తించదు.

ఎవరికి మినహాయింపు ఉంది?

ఉన్న ఇంటికి గది పెంచుకోవడం, అటకను గదిగా మార్చుకోవడం వంటి ఇంటియజమాని దరఖాస్తులకు వర్తించదు. ప్లానింగ్ పర్మిషన్ అడగనక్కరలేని పనులకూ వర్తించదు. 25 చదరపు మీటర్ల కంటే తక్కువ పచ్చదనం, 5 మీటర్ల కంటే తక్కువ కంచెపొద దెబ్బతినే పనికి కూడా మినహాయింపు ఉంది. అయితే ఆ కొద్దిపాటి జాగాలో చట్టం ప్రత్యేకంగా గుర్తించిన ముఖ్య ఆవాసం (మొక్కలూ జీవులూ బతికే చోటు) ఏదీ ఉండకూడదు. కాంక్రీటు, తారు వేసిన నేల విలువ సున్నా కాబట్టి ఆ 25 చదరపు మీటర్ల లెక్కలోకి రాదు. పూర్తిగా సిమెంటు చేసిన కారు పార్కింగ్ జాగాలో కట్టేవాళ్లు ఈ మినహాయింపులోనే సులువుగా బయటపడతారు.

సొంతంగా కట్టుకునే ఇళ్ల మినహాయింపు గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే.

0.2 హెక్టార్ల లోపు స్థలాలను మినహాయిస్తామని ప్రభుత్వం 2025 డిసెంబరులో ప్రకటించింది. ప్రకటన వేరు, చట్టం వేరు. మీరు దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్న నిబంధన ఏదో చూసుకోవాలి తప్ప, వార్త చదివి సర్వే మానుకోకూడదు.

పెరట్లో ఇంకో ఇల్లు కడుతున్నాను. ఇది ఇంటియజమాని దరఖాస్తు కాదా?

కాదు. ఉన్న ఇంటిని పెంచుకోవడం ఒకటి, అదే జాగాలో విడిగా కొత్త ఇల్లు లేపడం మరొకటి. రెండోది మామూలు పూర్తి దరఖాస్తు. ఇంటి పెరడే కదా, ఇక్కడ ఏం ప్రకృతి ఉంది అనుకుంటారు. పెరట్లోని గడ్డికీ పూలపాదులకూ తక్కువే అయినా విలువ ఉంది. చెట్లకు చాలా ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త ఇంటి పెరట్లో మొక్కలు నాటి లెక్క సరిచేద్దామంటే కుదరదు. ప్రైవేటు పెరట్లో కొత్తగా నాటే చెట్లను మెట్రిక్, అంటే ప్రభుత్వ లెక్కల పట్టిక, లెక్కలోకి తీసుకోదు. ఇల్లు కొన్నవాళ్లు రేపు వాటిని కొట్టేసి పలకరాళ్లు పరిస్తే ఆపే నాథుడు ఉండడు కాబట్టి. కానీ ఇప్పుడు అక్కడున్న పాత చెట్టును కొట్టేస్తే మాత్రం నష్టం లెక్కలోకి వస్తుంది. ఇది అన్యాయంగా ఉందని చాలామంది వాదిస్తారు. అప్పీలులో ఆ వాదన పనికిరాదు, ఎందుకంటే అప్పీళ్లు తేల్చే ప్రభుత్వ సంస్థ ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ పంపే ఇన్‌స్పెక్టరు మెట్రిక్‌ను మార్చలేరు, దాన్ని సరిగా వాడారా లేదా అన్నదే చూస్తారు.

సొంతంగా కట్టుకుంటున్నాం అన్నాం. అయినా ఒప్పుకోలేదు. ఎందుకు?

ఈ మినహాయింపుకు మూడు కొలతలు ఉన్నాయి. తొమ్మిది ఇళ్లకు మించకూడదు, స్థలం 0.5 హెక్టార్లకు మించకూడదు, అన్నీ సొంతంగా కట్టుకునే ఇళ్లే అయి ఉండాలి. మూడోది 2015 నాటి స్వయం నిర్మాణ చట్టంలోని అర్థంలో. అంటే అందులో ఉండబోయేవాళ్లే కట్టుకోవాలి, లేదా తమ కోసం కట్టించుకోవాలి. బిల్డరు తన ప్లాను ప్రకారం కట్టి పెట్టిన ఇంటిని కొనుక్కోవడం ఇందులోకి రాదు.

ఇక్కడ కౌన్సిల్ అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: రేపు మీరు పర్మిషన్‌తో సహా స్థలాన్ని బిల్డరుకు అమ్మేస్తే? ఫారంలో టిక్కు పెట్టినంత మాత్రాన అది ఆగదు. అందుకే ప్రణాళికా చట్టం 106వ సెక్షన్ కింద కౌన్సిల్‌తో ఒప్పందం గానీ, మీరు ఒక్కరే సంతకం చేసి ఇచ్చే హామీపత్రం గానీ అడుగుతారు. అది లేదన్న కారణంతో కొట్టేసిన అప్పీళ్లు చాలా ఉన్నాయి. "నేను ఉండటానికే కడుతున్నాను" అని ఎంత నిజాయతీగా చెప్పినా, స్థలాన్ని కట్టడి చేసే పత్రం లేకపోతే ఇన్‌స్పెక్టరు చేతిలో ఏమీ ఉండదు.

ఈ పత్రం సొలిసిటరు చేత రాయించి, సంతకాలు, సాక్షులు అన్నీ పూర్తయి, అప్పీలు గడువులోపు చేరాలి. బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు కూడా సంతకం చేయాల్సి రావచ్చు, దానికే వారాలు పడుతుంది. చిత్తుప్రతి పంపి తుది ప్రతి తర్వాత ఇస్తామంటే ఆగరు.

యూనిట్లు ఎలా లెక్కిస్తారు?

స్థలంలోని ప్రకృతి విలువను యూనిట్లలో కొలుస్తారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన లెక్కల పట్టికను మెట్రిక్ అంటారు. చిన్న స్థలాలకు సులువైన మెట్రిక్ వేరే ఉంది. స్థలంలోని ప్రతి ముక్కకూ విస్తీర్ణం, ఆ ఆవాసం ఎంత విశిష్టమైనది, ఎంత బాగున్నది, ఆ ప్రాంతానికి ఎంత ముఖ్యమైనది అన్న నాలుగింటినీ గుణిస్తారు. విశిష్టతకు మార్కులు తక్కువైతే 2, మధ్యరకమైతే 4, ఎక్కువైతే 6, చాలా ఎక్కువైతే 8. స్థితికి 1, 2, 3.

తగాదా ఎక్కడ పుడుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. 0.3 హెక్టార్ల గడ్డి స్థలం ఉంది. మీ ఎకాలజిస్టు (ఆవాసాలను సర్వే చేసే నిపుణులు) దాన్ని మామూలు సాగుగడ్డి అన్నారు, స్థితి మధ్యస్థం. విశిష్టత 2, స్థితి 2, ప్రాంత ప్రాముఖ్యం 1 అనుకుంటే, 0.3ను 4తో గుణించి 1.2 యూనిట్లు. కౌన్సిల్ ఎకాలజిస్టు వచ్చి, ఇందులో రకరకాల పూలమొక్కలు ఉన్నాయి, ఇది సహజమైన గడ్డిభూమి అన్నారు. విశిష్టత 4 అయింది, యూనిట్లు 2.4 అయ్యాయి. నేల మారలేదు, గడ్డి మారలేదు, పేరు మారింది. మీరు తిరిగి చూపాల్సింది 1.32 నుంచి 2.64కు ఎగబాకింది. పైగా మధ్యరకం ఆవాసాన్ని పోగొడితే దానికి బదులు తక్కువరకం పెట్టి సరిపెట్టడానికి వీల్లేదు.

చెట్ల లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. మొదలు 30 నుంచి 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఒక్క చెట్టును మెట్రిక్ 0.0163 హెక్టార్లుగా, అంటే 163 చదరపు మీటర్లుగా తీసుకుంటుంది. విశిష్టత 4, స్థితి మధ్యస్థం అనుకుంటే దాదాపు 0.13 యూనిట్లు. పెరటి గడ్డి అయితే హెక్టారుకు 2 యూనిట్లే. కాబట్టి ఆ ఒక్క చెట్టు 650 చదరపు మీటర్ల లాన్‌తో సమానం. దాన్ని కొట్టి మొక్క నాటితే ఆ మొక్కను చిన్న చెట్టుగా, 0.0041 హెక్టార్లుగానే లెక్కిస్తారు. అది పెరగడానికి పట్టే కాలానికీ, పెరగకపోయే ప్రమాదానికీ మళ్లీ కోత వేస్తారు. నాలుగు మొక్కలు నాటినా ఒక్క చెట్టుకు సరిపోవు. ఆర్కిటెక్టు ఇంటిని రెండు మీటర్లు పక్కకు జరిపితే చెట్టు నిలుస్తుందా అని అడగడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన ప్రశ్న.

విస్తీర్ణపు యూనిట్లు, కంచెపొదల యూనిట్లు, నీటి పాయల యూనిట్లు మూడు వేర్వేరు ఖాతాలు. స్థలంలో ఉన్న ప్రతిదానిలోనూ 10 శాతం చూపాలి. గడ్డిలో మిగులు ఉందని కంచెపొద లోటు పూడ్చడానికి కుదరదు.

సర్వేకు ముందే స్థలం శుభ్రం చేయిస్తే విలువ తగ్గుతుంది కదా?

మన ఊళ్లలో ప్లాటు కొనగానే చేసే మొదటి పని జేసీబీ పిలిచి చదును చేయించడం. తుమ్మలూ ముళ్లపొదలూ పోతేనే అది ప్లాటులా కనబడుతుంది మనకు. ఆ అలవాటు ఇక్కడ నేరుగా నష్టం చేస్తుంది.

2020 జనవరి 30న గానీ ఆ తర్వాత గానీ ప్లానింగ్ పర్మిషన్ లేకుండా చేసిన పనుల వల్ల స్థలం విలువ తగ్గి ఉంటే, తగ్గక ముందు ఉన్న విలువనే లెక్కలోకి తీసుకోవాలని చట్టం చెబుతోంది. కౌన్సిల్ దగ్గర పాత వైమానిక చిత్రాలు ఉంటాయి, ఇంటర్నెట్‌లో ఉపగ్రహ చిత్రాలు ఎవరికైనా దొరుకుతాయి, పక్కింటివాళ్ల ఫోన్లలో ఫొటోలు ఉంటాయి. గడ్డి ఏ రకమో తేల్చే ఆధారం మీరే చెరిపేసినప్పుడు, ఉండదగినదానిలో ఎక్కువ విలువైనదే ఉందని అనుకుంటారు. కొట్టేసిన ముళ్లపొద మీదే అప్పీలు ఓడిపోవచ్చు. స్థలం కొనేముందు అమ్మేవాళ్లు ఈ పని చేశారేమో కూడా చూసుకోవాలి, ఎందుకంటే బాధ్యత స్థలంతో పాటే మీ నెత్తిన పడుతుంది.

సర్వే ఎప్పుడు, ఎవరి చేత చేయించాలి?

ఆవాసాల సర్వేకు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. డిసెంబరులో చేసిన సర్వే చెల్లదని కాదు, కానీ పూలు లేని గడ్డిలో రకాలు గుర్తించడం కష్టం, కౌన్సిల్‌కు అనుమానపడే అవకాశం మీరే ఇచ్చినట్టు అవుతుంది. ఆ పని తెలిసిన ఎకాలజిస్టునే పెట్టుకోండి. ప్రతి ముక్కకూ ఫొటో, తేదీ, మొక్కల జాబితా, స్థితికి ఇచ్చిన మార్కుకు కారణం రాయించండి. మంచి సర్వే ఖరీదుగా అనిపిస్తుంది, చెడ్డ సర్వే మీద అప్పీలు నడిపించి చూసేదాకా.

కౌన్సిల్ నా దరఖాస్తును నమోదే చేసుకోలేదు. అప్పీలు ఉందా?

దరఖాస్తుతో పాటు కొన్ని వివరాలు ఇచ్చి తీరాలి: షరతు వర్తిస్తుందా లేదా, వర్తించకపోతే ఏ మినహాయింపు కింద, స్థలానికి ఇప్పుడున్న విలువ, నింపిన మెట్రిక్, ఆవాసాలు చూపే ప్లాను, విలువ తగ్గించే పనులేమైనా జరిగాయా, పోతే మళ్లీ తెచ్చుకోలేని ఆవాసాలు ఉన్నాయా. వీటిలో ఏది లేకపోయినా నమోదు చేయనక్కరలేదు. అది సరైన కారణమైతే పోట్లాడకుండా కాగితం ఇచ్చేయండి.

అన్నీ ఇచ్చినా నమోదు చేయడం లేదంటే, నిర్ణయం చెప్పాల్సిన గడువు దాటాక, అంటే చిన్న దరఖాస్తుకు 8 వారాలు, పెద్దదానికి 13 వారాలు దాటాక, నిర్ణయం రాలేదన్న కారణంతో అప్పీలు చేయవచ్చు. ఇన్‌స్పెక్టరు ముందుగా దరఖాస్తు సరైనదా కాదా అన్నదే చూస్తారు. కాదని తేలితే అప్పీలు అక్కడే ఆగిపోతుంది.

10 శాతం చూపించలేదని పర్మిషన్ తిరస్కరించారు. అది న్యాయమేనా?

చాలాసార్లు కాదు. ఇది చాలామందికి తెలియని విషయం. 10 శాతం ఎలా సాధిస్తారో పూర్తిగా నిరూపించాల్సింది పర్మిషన్ వచ్చిన తర్వాత, పని మొదలుపెట్టే ముందు. దరఖాస్తు దశలోనే ఆ లక్ష్యం చేరరన్న కారణంతో తిరస్కరించడం సాధారణంగా సరికాదని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. తిరస్కరణ పత్రంలో అదొక్కటే కారణమైతే మీ అప్పీలుకు బలం ఉంది.

కానీ పత్రాన్ని జాగ్రత్తగా చదవండి. చట్టం పెట్టిన షరతు వేరు, స్థానిక ప్రణాళికలోని విధానం వేరు. గిల్డ్‌ఫర్డ్ లాంటి కౌన్సిళ్లు తమ స్థానిక ప్రణాళికలో 20 శాతం అడుగుతున్నాయి. చెట్లు కొట్టకుండా ఉండే దారి చూడలేదని, గబ్బిలాలకు హాని జరుగుతుందని, పురాతన అడవికి దగ్గరగా ఉందని చెప్పే కారణాలు కూడా బీఎన్‌జీ కిందకు రావు. అవి జాతీయ ప్రణాళికా విధానం నుంచో, జాతుల రక్షణ చట్టాల నుంచో వస్తాయి. అన్నిటినీ కలిపి జీవవైవిధ్యం అని ఒకే పేరాలో రాసేస్తారు. అప్పీలు రాసేటప్పుడు ఆ ముడి విప్పి ఒక్కొక్కదానికీ వేరుగా జవాబు చెప్పాలి.

పర్మిషన్ వచ్చింది, గెయిన్ ప్లాన్‌ను తిరస్కరించారు. ఇప్పుడేమిటి?

గెయిన్ ప్లాన్ అంటే 10 శాతం ఎలా సాధిస్తారో నిరూపిస్తూ పని మొదలుపెట్టే ముందు ఇచ్చే పత్రం. ఇది పూర్తిగా వేరే అప్పీలు. పర్మిషన్ వచ్చిన మర్నాటి నుంచి గెయిన్ ప్లాన్ ఇవ్వవచ్చు. కౌన్సిల్ 8 వారాల్లో చెప్పాలి. ఆమోదం వచ్చేదాకా పునాది తవ్వకూడదు. తిరస్కరించినా, 8 వారాల్లో పలకకపోయినా, ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు అప్పీలు చేయవచ్చు.

ఈ అప్పీలులో చూసేవి కొన్నే. ముందున్న విలువ మీరు చెప్పినంతేనా? తర్వాత వచ్చే విలువ మీరు చెప్పినంత ఉందా? బయట కొన్న యూనిట్లు నేచురల్ ఇంగ్లండ్ నడిపే రిజిస్టరులో మీ నిర్మాణం పేరున కేటాయించారా? ప్రభుత్వం అమ్మే క్రెడిట్లు కొంటామంటే కొన్నారా? మొత్తం 10 శాతానికి చేరిందా? ఇవి తృప్తికరంగా ఉంటే ఆమోదించి తీరాలి. ఇల్లు ఎత్తుగా ఉందనో, దారి ఇరుకనో ఇక్కడ అనడానికి లేదు. అవి పర్మిషన్‌తోనే తేలిపోయాయి.

జారిపడే చోటు మూడో ప్రశ్న. బయటి భూమి యజమానితో రాసుకున్న ఒప్పందం చూపించి సరిపోతుందనుకుంటారు. రిజిస్టరులో కేటాయింపు కనబడాలి. ఇలాంటి కారణంతో తిరస్కరిస్తే అప్పీలుతో కాలయాపన ఎందుకు? కేటాయింపు చేయించి గెయిన్ ప్లాన్ మళ్లీ ఇవ్వండి.

ఈ షరతునే తీసేయమని అప్పీలు చేయవచ్చా?

చేయలేరు. ఇది కౌన్సిల్ రాసిన షరతు కాదు, చట్టమే ప్రతి పర్మిషన్‌కూ అంటగట్టిన షరతు. షరతులు మార్చమని కోరే 73వ సెక్షన్ దరఖాస్తుతో కూడా ఇది పోదు. అప్పీలులో ఇన్‌స్పెక్టరు పర్మిషన్ ఇచ్చినా దానికి కూడా ఇదే షరతు ఉంటుంది.

మినహాయింపు వర్తిస్తుందని మీ వాదన అయితే దారి ఉంది, ఎందుకంటే అప్పుడు షరతు మొదటినుంచీ లేనట్టే. ఆ వాదనను దరఖాస్తులోనే చెప్పి, ఆధారాలు అక్కడే పెట్టి ఉండాలి.

అప్పీలు చేయడానికి గడువు ఎంత?

మామూలు పూర్తి దరఖాస్తును తిరస్కరిస్తే నిర్ణయ పత్రం తేదీ నుంచి 6 నెలలు. ఇంటియజమాని దరఖాస్తులకు 12 వారాలే. గెయిన్ ప్లాన్ విషయంలో నిర్ణయ పత్రంతో వచ్చే అప్పీలు సూచనలు చూడండి. అనుమతి లేకుండా పని మొదలుపెట్టి కౌన్సిల్ అమలు నోటీసు ఇచ్చి ఉంటే మాత్రం ఆ నోటీసు అమల్లోకి వచ్చే తేదీకి ముందే అప్పీలు చేరాలి. ఆ తేదీ నోటీసు అందాక కనీసం 28 రోజుల తర్వాత ఉంటుంది. ఒక్కరోజు ఆలస్యమైనా అంతే సంగతులు.

మన దగ్గర పర్యావరణ అనుమతి మీద జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే 30 రోజుల గడువు, సరైన కారణం ఉంటే ఇంకో 60 రోజులు. ఆ పొడిగింపు అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ కూడా అడుగుదాంలే అనుకుంటారు. ఇక్కడ దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఖర్చు ఎంత అవుతుంది?

ప్లానింగ్ అప్పీలుకు ప్రభుత్వ రుసుము లేదు. ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు, ఒక ప్రతి కౌన్సిల్‌కు పంపాలి. ఖర్చంతా కన్సల్టెంటుకూ, ఎకాలజిస్టుకూ, సొలిసిటరుకూ. ఎవరి ఖర్చు వాళ్లదే. ఏ పక్షమైనా అసమంజసంగా ప్రవర్తించి ఎదుటివాళ్లకు అనవసర ఖర్చు తెచ్చిపెడితే ఆ ఖర్చు ఇప్పించమని అడగవచ్చు. ఇది రెండువైపులా కోసే కత్తి. ఆధారం లేకుండా కోపంతో అప్పీలు వేస్తే మీ మీదా పడుతుంది.

విచారణ ఎలా జరుగుతుంది? ఏం రాయాలి?

చిన్నవన్నీ దాదాపుగా కాగితాల మీదే జరుగుతాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి స్థలం చూస్తారు, ఆ రోజు మీ వాదన వినరు, చూపించమన్నది చూపించాలి అంతే. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే విచారణ, లాయర్లతో నడిచే పెద్ద విచారణ కూడా ఉన్నాయి, కానీ పెరట్లో ఇంటికి అంతదాకా వెళ్లడం అరుదు.

రాయాల్సింది తిరస్కరణ పత్రంలోని ఒక్కో కారణానికి ఒక్కో జవాబు. "పక్క వీధిలో వాళ్లకు ఇచ్చారు, మాకు ఎందుకు ఇవ్వరు" అన్న వాదన మనవాళ్లకు చాలా ఇష్టం. ఆ స్థలం, ఆ తేదీ, ఆ ఆవాసం అన్నీ మీదానితో పోలితే తప్ప అది నిలవదు. కౌన్సిల్ అధికారి మర్యాదగా మాట్లాడలేదన్నది కూడా ఇక్కడ చెప్పుకోవద్దు. దానికి కౌన్సిల్‌లోనే ఫిర్యాదు మార్గం వేరే ఉంది. గడ్డి ముక్క మీద తగాదా అయితే గడ్డి గురించే రాయండి: ఫలానా తేదీన, ఫలానా చోట, చదరపు మీటరులో ఇన్ని రకాల మొక్కలు, ఇదిగో ఫొటో, నిర్వచనంలోని ఫలానా గుర్తు లేదు కాబట్టి ఇది ఫలానా రకం. పొడిగా ఉన్నా నిలబడేది ఇదే.

ఇంకో సంగతి. పర్మిషన్ అప్పీలులో ఇన్‌స్పెక్టరు మొత్తం దరఖాస్తును మొదటినుంచి చూడగలరు. కౌన్సిల్ ఒప్పుకున్న అంశంలో కూడా లోపం కనబడితే దాని మీదే కొట్టేయవచ్చు. పదింటిలో తొమ్మిది గెలిచాం, ఒకటే మిగిలింది అని వెళ్లేవాళ్లు ఆ తొమ్మిదింటి కాగితాలూ సిద్ధంగా ఉంచుకోవాలి.

అప్పీలు సమయంలో ప్లాను మార్చి చెట్టు మిగిలేలా చేస్తే ఒప్పుకుంటారా?

ఆశించవద్దు. అప్పీలు అంటే కౌన్సిల్ చూసిన ప్లాను మీద తీర్పు. పెద్ద మార్పు చేస్తే దాని మీద పొరుగువాళ్లకు అభిప్రాయం చెప్పే అవకాశం పోతుంది. అందుకే పక్కన పెట్టేస్తారు. ప్లాను మార్చడానికి మీరు సిద్ధంగా ఉంటే కొత్త దరఖాస్తే దగ్గరి దారి. రెండోసారి ఉచితంగా దరఖాస్తు చేసుకునే వెసులుబాటును 2023 డిసెంబరులో ఎత్తేశారు కాబట్టి రుసుము మళ్లీ కట్టాలి. అయినా నెలల తరబడి అప్పీలు కోసం చూస్తూ అప్పు మీద వడ్డీ కట్టడంతో పోల్చి చూసుకోండి.

ఇదంతా ఎందుకు, ప్రభుత్వం అమ్మే క్రెడిట్లు కొని బయటపడితే?

అవి ఆఖరి మార్గం. ముందు ఉన్నదాన్ని కాపాడాలి, తర్వాత స్థలంలోనే మెరుగుపరచాలి, ఆ తర్వాత బయట యూనిట్లు కొనాలి, ఏదీ కుదరకపోతేనే క్రెడిట్లు. ధర కావాలనే ఎక్కువ పెట్టారు. అన్నిటికంటే చవకైన రకం క్రెడిట్ ఒక్కొక్కటి 42,000 పౌండ్లుగా నిర్ణయించారు. ఒక యూనిట్ లోటుకు రెండు క్రెడిట్లు కొనాలి కాబట్టి 84,000 పౌండ్లు. సరస్సుల వంటి కొన్ని రకాలకు ఒక్క క్రెడిట్టే 6,50,000 పౌండ్లు. చిన్న బిల్డరు లాభమంతా అక్కడే పోతుంది. బయటి యూనిట్లు అమ్మే రైతులూ సంస్థలూ ఉన్నారు, అక్కడ బేరం ఆడటానికి కనీసం వీలుంటుంది.

పక్కింటివాళ్లు నాకు వచ్చిన పర్మిషన్ మీద అప్పీలు చేయగలరా?

లేదు. ఇంగ్లండ్‌లో ప్లానింగ్ అప్పీలు దరఖాస్తుదారుడికే. భారత్‌లో హరిత ట్రైబ్యునల్‌కు బాధితుడైన ఎవరైనా వెళ్లవచ్చు, ఇక్కడ అలా లేదు. పొరుగువాళ్లకు మిగిలింది హైకోర్టులో న్యాయసమీక్ష, అదీ 6 వారాల్లోపు, చట్టపరమైన తప్పు జరిగిందని చూపగలిగితేనే. ఆ 6 వారాలూ గడిచాక పని మొదలుపెట్టే జాగ్రత్తపరులు ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు కూడా కాదంటే?

మీకూ హైకోర్టే, అదీ 6 వారాల్లోపే, కోర్టు ముందుగా అనుమతిస్తేనే. ఇన్‌స్పెక్టరు గడ్డి రకాన్ని తప్పుగా అంచనా వేశారన్న వాదన అక్కడ సాగదు. చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారనో, ముఖ్యమైన విషయాన్ని అసలు చూడలేదనో చూపాలి. గెలిచినా కోర్టు పర్మిషన్ ఇవ్వదు, మళ్లీ తేల్చమని వెనక్కి పంపుతుంది. ఓడితే ఎదుటివాళ్ల ఖర్చు కూడా మీరే కట్టాల్సి రావచ్చు. ఇల్లు కట్టుకునేవాళ్లకు నేను ఈ దారి చెప్పను.

అప్పీలు తేలేదాకా కనీసం చదును చేసుకోవచ్చా?

వద్దు. గెయిన్ ప్లాన్ ఆమోదం లేకుండా నిర్మాణం మొదలుపెడితే అది ప్లానింగ్ ఉల్లంఘన, కౌన్సిల్ అమలు చర్య తీసుకోవచ్చు. చదును చేయడం వల్ల పోయే విలువను పాత విలువగానే లెక్కిస్తారని పైన చెప్పాను. పక్షులు గూళ్లు కట్టే వసంతకాలంలో పొదలు కొడితే అది ఇంకో చట్టం కింద నేరం కూడా కావచ్చు. మట్టి, ఇటుకలు తెచ్చి గడ్డి మీద పోసుకోవడం కూడా ఇప్పుడే వద్దు. ఇన్‌స్పెక్టరు చూడటానికి వచ్చేది ఆ గడ్డినే.